అప్పజెప్పించుకునే చీటీ

పదిసార్లు రాసినా నిలవని స్పెల్లింగు – పల్లె పిల్లల చదువుకు పాత పద్ధతే కొత్త రూపంలో ఆసరా

సాయంత్రం దీపాలు పెట్టే వేళ. వీధి అరుగు మీద ఆరో తరగతి పిల్ల నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంది. బుధవారాన్ని ఇంగ్లీషులో రాయాలి. డబ్ల్యు, ఈ, డి, ఎన్, ఈ, ఎస్, డి, ఎ, వై. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. పదోసారికి చెయ్యి దానంతటదే నడుస్తుంది. "వచ్చేసిందమ్మా" అని పుస్తకం మూసి అన్నానికి లేస్తుంది.

మర్నాడు బడిలో డిక్టేషను. నిన్న పదిసార్లు రాసిన మాటే. పలికేటప్పుడు వినపడని ఆ మధ్య 'డి' ఎటు పోయిందో పోయింది. మాస్టారు ఎర్రసిరాతో చుట్టి "ఇరవైసార్లు రాసుకురా" అంటారు. ఇంటికొస్తే "ఎంత రాసినా దీని బుర్రకు ఎక్కదు" అని తల్లి వాపోతుంది. నాలుగు నెలలు ఇలా గడిచేసరికి ఆ పిల్లే "నాకు ఇంగ్లీషు రాదు" అన్న నిర్ణయానికి వస్తుంది.

ఇది ఏ ఒక్క ఊరి సంగతో కాదు. జిల్లాలో ఏ వీధికి వెళ్లినా ఇలాంటి అరుగు ఒకటి కనిపిస్తుంది. నిజానికి లోపం పిల్ల బుర్రలో లేదు. చదివే తీరులో ఉంది. దాన్ని సరిదిద్దే సాధనం చాలా ఇళ్లలో అప్పుడే ఉంది కూడా. అది నాన్న జేబులోని ఫోను. ఫోను లేని ఇంట్లో పాత శుభలేఖలు చాలు.

బరువు పెరిగింది, తోడు తగ్గింది

పల్లె బడిలో ఇంగ్లీషు ఇప్పుడు ఒక్క పీరియడుతో పోయే సంగతి కాదు. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ బడులలోనూ ఇటువంటి రెండు భాషల పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. హారాన్ని డినామినేటర్ అనాలి, కిరణజన్య సంయోగక్రియను ఫొటోసింథసిస్ అనాలి. అనడమే కాదు, తప్పు లేకుండా రాయాలి. లెక్క తెలిసిన పిల్లవాడు కూడా మాట తెలియక ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాడు.

పట్నంలో అయితే అన్నో అక్కో పుస్తకం పట్టుకుని "చెప్పరా చూద్దాం" అంటారు. లేకుంటే ట్యూషను మాస్టారు అడుగుతారు. పొలం పనికి పోయి పొద్దుగూకాక వచ్చే అమ్మానాన్నలకు ఆ తీరిక ఎక్కడిది? తీరిక ఉన్నా ఇంగ్లీషు అక్షరాలు రావాలి కదా. పల్లె పిల్లకు లోటు తెలివితేటల్లో లేదు. అడిగేవాళ్లే లేరు.

చూచిరాత వేరు, గుర్తు వేరు

పదిసార్లు రాసిన మాట తెల్లారేసరికి ఎందుకు పోతుంది? రాసేటప్పుడు ఎదురుగా మాట కనిపిస్తూనే ఉంటుంది. కన్ను చూస్తుంది, చెయ్యి దించుతుంది. జ్ఞాపకానికి పనే ఉండదు. బావిలో నీళ్లున్నాయో లేదో బొక్కెన వేసి తోడితేనే తెలుస్తుంది. గట్టు మీద నిలబడి ఎంతసేపు చూసినా చుక్క రాదు.

మరుపు ఎంత వేగంగా వస్తుందో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే పరీక్ష పెట్టుకుని లెక్క గట్టాడు. అర్థం లేని చిన్న చిన్న శబ్దాల జాబితాలు కంఠస్థం చేసి, కొంత వ్యవధి ఇచ్చి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో చూశాడు. ఒక్క రోజు గడిచేసరికి మొదటి శ్రమలో మూడింట ఒక వంతు మాత్రమే ఆదా అయింది. మిగతాదంతా మళ్లీ పడవలసిన శ్రమే. 1885లో ఈ ఫలితాలను పుస్తకంగా వెలువరించాడు. చదివింది మరిచిపోవడం మొద్దుతనం కాదని, మనిషి బుర్ర తీరే అంతని దీన్ని బట్టి తెలుస్తుంది.

మరుపుకు విరుగుడు ఏమిటన్నది తర్వాత వచ్చిన పరిశోధనలు చెప్పాయి. అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2006లో ప్రకటించిన ప్రయోగం అందులో ఒకటి. విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి కొందరి చేత మళ్లీ చదివించారు. మరికొందరి చేత పాఠం మూసేసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది. చూడకుండా రాసినవారికి నూటికి 56 వంతులు గుర్తున్నాయి. మళ్లీ చదివినవారికి 42 వంతులే.

అరుగు మీద పిల్ల "వచ్చేసింది" అనుకున్నది ఆ మొదటి అయిదు నిమిషాల ధీమాతోనే. డిక్టేషను వచ్చేది మాత్రం మర్నాడు.

తాతలకు తెలిసిన కిటుకే

పెద్దలకు ఇది వింతగా తోచదు. ఎక్కాలు నేర్చిన తరం ఇంకా ఊళ్లలో ఉంది. ఆ రోజుల్లో చదవడం ఒక పని, అప్పజెప్పడం వేరొక పని. పుస్తకం మూసి, చేతులు కట్టుకుని, పంతులుగారి ఎదుట నిలబడి పదమూడో ఎక్కం ఒప్పజెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికి. నేటి పాఠంతో పాటు మొన్నటిది, పోయిన వారానిది కూడా అడిగేవారు. అందుకే డెబ్బై ఏళ్లు దాటినవారు ఈనాటికీ కాగితం లేకుండా ధాన్యం లెక్క చెప్పగలుగుతున్నారు.

చూడకుండా అప్పజెప్పడం, విడతలు విడతలుగా అప్పజెప్పడం. కిటుకంతా ఈ రెంటిలోనే ఉంది. మొక్క నాటిన కొత్తలో రోజూ నీళ్లు పోస్తారు. వేరు పట్టాక రెండు రోజులకొకసారి, ఆ పైన వారానికొకసారి. మానయ్యాక వాన నీరే చాలు. నెల రోజుల నీరు ఒక్కనాడే గుమ్మరిస్తే మొక్క కుళ్లుతుంది. పరీక్ష ముందు రాత్రి చదువు అలాంటిదే.

పెట్టెలో పుట్టి ఫోనుకెక్కింది

ఈ పద్ధతిని చీటీల రూపంలో పెట్టి ప్రచారం చేసినవాడు సెబాస్టియన్ లైట్నర్. జర్మన్ భాషలో 1972లో ఆయన రాసిన పుస్తకంలో అయిదు అరల పెట్టె ఒకటి ఉంది. చీటీకి ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు. సరిగా చెప్పిన చీటీ తర్వాతి అరలోకి పోతుంది. తప్పిన చీటీ మొదటి అరకు తిరిగి వస్తుంది. వచ్చినవాటిని అరుదుగా, రానివాటిని తరచుగా చూడటం దాని సూత్రం. వీటినే ఫ్లాష్ కార్డులంటారు.

పోలండులో పియోటర్ వోజ్నియాక్ అనే విద్యార్థి ఏ చీటీని ఏ రోజు చూడాలో కంప్యూటరే లెక్క కట్టేలా 1987లో సూపర్‌మెమో అనే ప్రోగ్రాము రాశాడు. 2005లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆండ్రూ సదర్లాండ్ అనే పదిహేనేళ్ల కుర్రవాడికి ఫ్రెంచి తరగతిలో 111 జంతువుల పేర్లు నేర్చుకు రమ్మన్నారు. తనను తాను అడుగుకోవడానికి అతను రాసుకున్న ప్రోగ్రామే క్విజ్‌లెట్. 2007లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అడిగే మనిషి ఎప్పుడూ పక్కన ఉండడు కాబట్టి ఆ పిల్లవాడు అడిగే యంత్రాన్ని తయారు చేసుకున్నాడు.

2006లో డామియన్ ఎల్మ్స్ తయారు చేసిన ఆంకీ మరొకటి. జపాను భాషలో ఆ మాటకు కంఠస్థం చేయడమని అర్థం. ఆండ్రాయిడ్ ఫోనులో ఇదే పద్ధతిలో నడిచే ఆంకీడ్రాయిడ్‌కు డబ్బు కట్టనక్కర లేదు. ఒకసారి దింపుకుంటే నెట్టు లేకపోయినా పని చేస్తుంది. సిగ్నలు అందని ఊళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. క్విజ్‌లెట్‌లో కొన్ని సౌకర్యాలకు మాత్రం రుసుము ఉంది.

ఫోనులో చీటీ తయారీ

ముందు ఆ రోజు పాఠంలో కొత్తగా వచ్చిన అయిదు మాటలు ఏరుకోవాలి. రెండు భాషల పుస్తకం ఉన్నవారికి అర్థం కోసం వెతకనక్కర లేదు. ఎదుటి పేజీలోనే ఉంటుంది. చీటీ ముందువైపు తెలుగు మాట, వెనకవైపు ఇంగ్లీషు మాట ఎక్కించాలి. 'కత్తి' అని ఫోను అడుగుతుంది. పిల్లవాడు నైఫ్ అని పలికి ఊరుకుంటే సగం పనే అయినట్టు. కె, ఎన్, ఐ, ఎఫ్, ఈ అని రాయాలి. స్పెల్లింగు నేర్చుకునేవారికి జవాబు టైపు చేసే రకం చీటీలు ఆంకీలో ఉన్నాయి. ఎక్కడ అక్షరం తప్పిందో రంగు తేడాతో చూపిస్తుంది.

జవాబు చూశాక కింద మళ్లీ, కష్టం, బాగుంది, సులువు అన్న అర్థం వచ్చే నాలుగు మీటలు ఉంటాయి. తప్పితే 'మళ్లీ' నొక్కాలి. ఆ చీటీ కొద్ది నిమిషాల్లో తిరిగి వస్తుంది. సరిగా వచ్చిన చీటీ కొన్ని రోజుల తర్వాత, ఆ పైన వారాల తర్వాత, చివరకు నెలల తర్వాత పలకరిస్తుంది. ఏది ఎప్పుడు చదవాలన్న బెంగ పిల్లకు ఉండదు.

ఉచ్చారణకు కూడా దారి ఉంది. చీటీలో గొంతు రికార్డు చేసి పెట్టవచ్చు. బడిలో మాస్టారు ఒకసారి పలికి పెడితే ఇంటి దగ్గర పిల్ల ఎన్నిసార్లైనా వినవచ్చు. విని రాస్తే ఇంట్లోనే డిక్టేషను అయినట్టు.

రోజుకు అయిదు మాటలే కదా అని తీసిపారేయనక్కర లేదు. బడి సాగే రోజులు 200 అనుకున్నా ఏడాదికి 1000 మాటలు. పదిహేను నిమిషాలు చాలు. నాన్న పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తినేలోపు ఫోను తిరిగి ఆయన చేతికి ఇచ్చేయవచ్చు.

ఎక్కడ దెబ్బ తింటారు

ఫోను కీబోర్డు రెండు అక్షరాలు నొక్కగానే పూర్తి మాటను అందిస్తుంది. తప్పు కొడితే తానే దిద్దుతుంది. స్పెల్లింగు నేర్చుకునేటప్పుడు ఇది మేలు చేసినట్టే చేసి ముంచుతుంది. సెట్టింగులలో ఆ సౌకర్యాన్ని ఆపేయాలి. అది తెలియకుంటే పలక మీద సుద్దతో రాసి, ఆ తర్వాతే చీటీ తిప్పి చూడటం ఉత్తమం.

ఎవరో తయారు చేసి పెట్టిన వేల చీటీల కట్టలు ఉచితంగా దొరుకుతాయి. అవి చూసి ఆశపడరాదు. వాటిలో చాలా మాటలు పిల్ల పాఠంలో ఎదురైనవి కావు. పైగా కొన్ని అమెరికా స్పెల్లింగుతో ఉంటాయి. రంగుకు మన పుస్తకాల్లో సి, ఓ, ఎల్, ఓ, యు, ఆర్. అమెరికా వారు ఆ 'యు' రాయరు. ఫోను చెప్పింది కదా అని రాస్తే బడిలో మార్కు పోతుంది. సొంత పుస్తకంలోంచి సొంత చేత్తో చేసుకున్న చీటీయే మేలు. చేసేటప్పుడే సగం మాట వచ్చేస్తుంది.

ఉత్సాహం కొద్దీ రోజుకు ఇరవై, ముప్పై కొత్త మాటలు ఎక్కించేవారూ ఉంటారు. కొన్ని వారాలు గడిచేసరికి పాత చీటీలే రోజుకు వంద దాటి మీద పడతాయి. అప్పుడు విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు. అప్పు చేసినట్టే ఇదీ. తీర్చగలిగినంతే తీసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆత్మవంచన. జవాబు గుర్తు రాకపోయినా తిప్పి చూసి "ఆ, ఇదే అనుకున్నా" అని 'సులువు' నొక్కడం. ఫోను దాన్ని నమ్మి ఆ మాటను చాలా రోజులు దాచేస్తుంది. మాస్టారి ఎదుట బొంకలేని పిల్లవాడు ఫోను ఎదుట బొంకగలడు. నష్టం తనకే.

ఇక చీటీలు చదువు మొత్తం కావు. మాట వచ్చినంత మాత్రాన వాక్యం రాదు, వాక్యం వచ్చినంత మాత్రాన మాట్లాడటం రాదు. పాఠం చదవాలి, బడిలో నోరు విప్పాలి. ఇంట్లో గింజలు ఉంటేనే వంట అవుతుంది. గింజలు ఉన్నంత మాత్రాన కడుపు నిండదు. అర్థం కాని మాటను చీటీకెక్కించి కంఠస్థం పట్టడం వృథా. ముందు మాస్టారిని అడిగి తెలుసుకోవాలి.

ఫోను లేకుంటే పెళ్లి శుభలేఖ

ఫోను లేని ఇల్లు, ఉన్నా అది కూలికి పోయే మనిషి వెంట పోయే ఇల్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లలు వెనకబడనక్కర లేదు. ఈ పద్ధతి పుట్టిందే అట్టముక్కల మీద.

ప్రతి ఇంట్లో చూరులోనో గూట్లోనో పాత శుభలేఖలు ఉంటాయి. వాటిని పేకముక్కలంత కత్తిరించాలి. ఒకవైపు తెలుగు, వెనక ఇంగ్లీషు రాయాలి. చెప్పుల అట్టపెట్టెను అట్టముక్కలతో అయిదు అరలు చేయాలి. మొదటి అర రోజూ, రెండోది రోజు విడిచి రోజు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, అయిదోది పదిహేను రోజులకు ఒకసారి తీయాలి. వచ్చినది ముందుకు, రానిది మొదటి అరకు. ఖర్చు ఏమీ లేదు. ఫోను చేసే లెక్క కొంచెం మోటుగా పెట్టె కూడా చేస్తుంది.

తెలుగుకూ ఇదే మందు

స్పెల్లింగు బాధ ఇంగ్లీషుకే ఎక్కువ. దానికి కారణం ఉంది. విలియం కాక్స్‌టన్ 1476లో ఇంగ్లాండులో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వ్యాపించిన కొద్దీ స్పెల్లింగులు స్థిరపడుతూ వచ్చాయి. జనం నోట పలుకుబడి మాత్రం మారుతూ పోయింది. నైఫ్‌లోని 'కె'ను ఒకప్పుడు పలికేవారు. నోటి నుంచి అది పోయినా కాగితం మీద మిగిలిపోయింది. బుధవారంలోని 'డి' కథా అదే. పలుకుబడిలో వినపడని అక్షరాన్ని జ్ఞాపకం మీదే రాయాలి గాని చెవి మీద ఆధారపడి రాయలేరు.

తెలుగు రాసినట్టే పలుకుతాం గనుక మనకు ఆ బాధ తక్కువ. అలాగని అసలు లేకపోలేదు. తాత్పర్యం అనే అర్థంలో 'అర్థం' రాయాలి. సగం అని చెప్పాలంటే 'అర్ధం' రాయాలి. కథకు పొట్టలో చుక్క థ, శ్రద్ధకు ద కింద ధ వత్తు. ణ–న, ళ–ల, శ–ష–స దగ్గర పదో తరగతి వారు కూడా తడబడుతుంటారు. ఇంగ్లీషు చీటీల పక్కనే తెలుగు చీటీలూ వేసుకుంటే రెండు భాషలూ కుదుటపడతాయి.

చదువు రాని అమ్మ కూడా అడగవచ్చు

"మాకు అక్షరం ముక్క రాదు, మేమేం చూడగలం" అనే తల్లులు ఎందరో. వారికీ ఇందులో పని ఉంది. పిల్ల మాటను నోటితో చెప్పి, పలక మీద రాసి అమ్మకు ఇవ్వాలి. అమ్మ చీటీ తిప్పి పలక పక్కన పెట్టుకోవాలి. ఇది ఏ అక్షరమో ఆమెకు తెలియనక్కర లేదు. ఈ గీత ఆ గీతలా ఉందా, లెక్కకు తొమ్మిది ఉన్నాయా ఎనిమిదే ఉన్నాయా చూస్తే చాలు. ముగ్గులో చుక్క తప్పితే ఇట్టే పట్టేసే కంటికి పలకలో తప్పిన అక్షరం దొరక్కపోదు.

అలా చూసిన రోజున అరుగు మీద సంగతి వేరుగా ఉంటుంది. "ఏమే, ఇక్కడ తొమ్మిదుంటే నువ్వు ఎనిమిదే రాశావే" అంటుంది అమ్మ. పిల్ల నాలిక కరుచుకుని మధ్యలో 'డి' పెడుతుంది. ఆ చీటీ మొదటి అరలోకి తిరిగి పోతుంది. మళ్లీ రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది, వచ్చే వారం వస్తుంది. బడిలో డిక్టేషను వచ్చేనాటికి ఆ 'డి' ఎక్కడికీ పోదు.